నేరేళ్ళలంక రేవు సుంకం

నేరేళ్ళలంకకు ప్రెసిడెంటుగా ఉన్న కొండలరావు మంచివాడు, చురుకైనవాడు. కానీ ఎవరు ఏం చెప్పబోయినా సగంలోనే అందుకుని, "అర్థమైందిలే" అంటూ ముందుకు సాగిపోయేవాడు.

ఆ లంక చుట్టూ గోదావరి. అవతలి ఒడ్డుకు వెళ్ళాలంటే పంటు ఒక్కటే దారి. లంకలో అరటి, కొబ్బరి, కూరగాయలు విరగపండేవి. వరి మాత్రం పండేది కాదు. బియ్యం, పప్పు, ఉప్పు, కిరసనాయిలు, సబ్బులు, బట్టలు అన్నీ పంటు మీద రావలసిందే. మూడు వందల గడప ఉన్న ఆ ఊళ్ళో నలభై కుటుంబాలకు తోటలుండేవి. మిగిలినవాళ్ళంతా రోజు కూలీ మీద బతికేవాళ్ళు.

ఒక ఏడు ఆగస్టులో వచ్చిన వరద తూర్పు వైపు ఏటిగట్టుకు పెద్ద గండి కొట్టింది. వంద గజాల గట్టు కళ్ళముందే కరిగి నీళ్ళలో కలిసిపోయింది. అరవై ఇళ్ళు కూలాయి. మళ్ళీ వరదకాలం వచ్చేలోగా ఆ గండి పూడ్చకపోతే ఈసారి ఊరే మిగలదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇంజనీరు వచ్చి చూసి ఇరవై నాలుగు వేలు కావాలన్నాడు. సర్కారు సొమ్ము ఎప్పుడొస్తుందని అడిగితే, ఆయన గొడుగు విప్పుకుని పంటు ఎక్కేశాడు.

జనవరిలో బడి ముందు సభ పెట్టారు. ఊరంతా వచ్చింది. తోటల వాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. కూలీలు వెనకాల నిలబడ్డారు.

"ఎవరి ఆదాయాన్ని బట్టి వాళ్ళు చందా వేసుకుంటే ఎలా ఉంటుంది? పట్నంలో సర్కారు వేసే ఆదాయపు పన్నులాగే," అన్నాడు కొండలరావు.

కుర్చీల్లో గుసగుసలు మొదలయ్యాయి. లంకలో అందరికంటే పెద్ద తోట ఉన్న పట్టాభిరామయ్య గొంతు సవరించుకుని లేచాడు. ఆయనకు పన్నెండు ఎకరాల అరటి, కొబ్బరి తోటలతోపాటు నూనె గానుగ కూడా ఉండేది.

"చూడు కొండలరావూ! మన జేబుల్లోంచి పైసా తియ్యకుండా గట్టు కట్టే దారి ఉండగా ఇదంతా ఎందుకయ్యా? రేవులో ఒక పాక వెయ్యి. పంటు మీద దిగే సరుకు మీద రూపాయికి పది పైసలు సుంకం పెట్టు. సరుకు తెచ్చేది ఎవరు? అవతలి ఒడ్డు వ్యాపారులు. కట్టేది వాళ్ళు. గట్టు మనకి!"

కొండలరావు కళ్ళు తళుక్కుమన్నాయి. ఎంత బాగుంది! ఊళ్ళో ఎవరినీ అడగక్కర్లేదు. ఎవరి మొహమూ మాడక్కర్లేదు. ఆరు నెలల్లో ఇరవై నాలుగు వేలు వచ్చి పడతాయి! ఆనందం పట్టలేక చేతులు రెండూ పైకెత్తాడు.

"మరి తోటల వాళ్ళకి అవతలి ఒడ్డున వరి చేలున్నాయి గదా. సొంత ధాన్యం మాటేమిటి?" అని కుర్చీల్లోంచి ఎవరో అడిగారు.

"సొంత చేలో పండిన పంట సరుకెలా అవుతుంది? దానికి సుంకం లేదు!" అన్నాడు కొండలరావు. కుర్చీలన్నీ చప్పట్లు కొట్టాయి.

వెనకనుంచి ఒక చెయ్యి లేచింది. మట్టి తట్టలు మోసే ఆడవాళ్ళకు మేస్త్రీగా ఉండే పేరంటాలుది ఆ చెయ్యి.

"బాబుగారూ, ఒక్క మాటండి. ఆ పది పైసలూ వాళ్ళు రేవులో కట్టి, మళ్ళీ కొట్లో..."

"అర్థమైందిలే పేరంటాలూ!" అన్నాడు కొండలరావు నవ్వుతూ. "భయపడకు. మీ దగ్గర ఒక్క పైసా కూడా అడగం!"

పేరంటాలు చెయ్యి దించేసింది.

ఫిబ్రవరి ఒకటో తారీకున రేవులో వెదురు పాక లేచింది. తలుపు మీద మామిడాకులు కట్టారు. డప్పులు మోగించారు. లోపల ఒక బల్ల, దాని మీద ఇనప పెట్టె, పెట్టె వెనకాల గుమాస్తా. మొదటి పంటు మీద ఇరవై బస్తాల బియ్యం దిగాయి. వ్యాపారి గొణుక్కుంటూనే సుంకం కట్టాడు. పెట్టెలో నాణేలు గలగలమంటుంటే కొండలరావుకు సన్నాయి విన్నంత ఆనందం కలిగింది. నెల తిరిగేసరికి పెట్టెలో నాలుగు వేల వంద రూపాయలున్నాయి!

"నాలుగు వేలు! ఒక్క నెలలో!" అంటూ ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. తోటల వాళ్ళు దండ తెచ్చి వేశారు. పట్టాభిరామయ్య భుజం తట్టి, "చెప్పానా?" అన్నాడు.

మార్చిలో మూడు వేల మూడు వందలు వచ్చాయి. ఏప్రిల్లో రెండు వేల నాలుగు వందలు. వేసవి కదా, వ్యాపారం మందగించి ఉంటుందని కొండలరావు సరిపెట్టుకున్నాడు. గోదావరి బాగా తగ్గింది. గండి దగ్గర పని మొదలైంది. అరవైమంది కూలీలు పలుగులు, పారలు, తట్టలతో దిగారు. రోజుకు అయిదు రూపాయల కూలి. గట్టు మోకాలెత్తు, నడుమెత్తు, భుజమెత్తు లేస్తుంటే కొండలరావు పొద్దున్నే వచ్చి, కొత్త మట్టి మీద ఈ చివరినుంచి ఆ చివరికి పిల్లాడిలా గెంతుతూ నడిచేవాడు.

మేలో వచ్చింది పదిహేడు వందలే. ఆ నెలాఖరుకు కూలీలు యాభైమందయ్యారు. తరవాత నలభై. జూన్ మొదటి వారంలో ఒక పొద్దున కొండలరావు గట్టు దగ్గరికి వెళ్ళి చూస్తే, ఉన్నది పద్దెనిమిదిమంది!

"మిగతావాళ్ళేరి?"

"అవతలి ఒడ్డున ఇటుక బట్టీలకి పోతన్నారండి," అన్నాడు ఒకడు.

"అక్కడ కూలి ఎక్కువా?"

"లేదండి. అక్కడా అయిదే."

కొండలరావుకు ఒళ్ళు మండిపోయింది. సొంత ఊరి గట్టు సగంలో ఉంది. పైన ఎక్కడో వానలు పడుతున్నాయని రేడియో అప్పటికే రెండు రోజులనుంచి చెబుతోంది. ఇలాంటప్పుడు అదే కూలికి ఏరు దాటి పోతారా? చెప్పులు టపటపలాడించుకుంటూ నేరుగా పేరంటాలు ఇంటికి వెళ్ళాడు. ఆమె కూడా ఆ పొద్దున పనికి రాలేదు. వాకిట్లో కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది.

"ఏం పేరంటాలూ! మేస్త్రీవై ఉండి నువ్వే ఇలా చేస్తే ఎలా? నీ మనుషులు అయిదు రూపాయలకి ఏరు దాటి వెళ్తున్నారు. ఇక్కడ నేనిచ్చేది అయిదు రూపాయలు కాదా?"

"కాదండి," అంది పేరంటాలు.

కొండలరావు నోరు తెరిచాడు. ఆమె చేట పక్కన పెట్టి లేచి నిలబడింది.

"కోప్పడకండి బాబుగారూ. ఈసారి నా మాట చివరిదాకా ఇనాలండి. సగంలో ఆపేస్తే రేపు ఆ పద్దెనిమిదిమంది కూడా రారు. నేను బెదిరించట్లేదండి. ఉన్నదే చెప్తన్నాను."

ఆమె గొంతులో ఏదో ఉంది. కొండలరావు అరుగు మీద కూలబడ్డాడు.

"నేనూ మా ఆయనా కలిసి వారానికి అరవై రూపాయలు తెస్తామండి. అందులో యాభై అయిదు కొట్టుకే పోతాయి. బియ్యం, పప్పు, ఉప్పు, కిరసనాయిలు. మేం దాచుకునేదేముంటుందండి? వచ్చిందంతా కొట్లోనే పెడతాం. కిలో రెండు రూపాయల బియ్యం రెండూ ఇరవై అయ్యాయి. ప్రతి దాని మీదా అంతే. నిరుడు యాభైకి వచ్చిన సరుకే ఇప్పుడు యాభై అయిదండి. అంటే వారానికి ఒక రోజు కూలి ఆ రేవు పాకకే పోతంది. బట్టీల దగ్గర కూలి అయిదే. కానీ అక్కడ అయిదు రూపాయలకి అయిదు రూపాయల బియ్యం వస్తాయండి!"

"అక్కడ కొని తెచ్చుకోవచ్చుగా..."

"సంచి తెస్తే రేవులో గుమాస్తా పట్టుకుంటన్నాడు. అందుకే పొయ్యి కూడా అక్కడే పెట్టుకుంటన్నారండి. పిల్లల్ని కూడా తీసుకుపోతన్నారు."

"కానీ సుంకం కట్టేది అవతలి వ్యాపారులు గదా పేరంటాలూ!"

ఆమె మొదటిసారి నవ్వింది. "కొట్టు వీరభద్రంగారిని అడగండి."

కొండలరావు లేచి, దాదాపు పరుగెత్తుకుంటూ వీరభద్రం కొట్టుకు వెళ్ళాడు. వీరభద్రం అప్పుడే కొట్టు తెరిచి, నూనె డబ్బాలు తుడుచుకుంటున్నాడు.

"వీరభద్రం, నిజం చెప్పు. రేవు సుంకం కడుతున్నదెవరు?"

"నేనూ, టోకు వ్యాపారులూ అండి."

"చూశావా! మీరేగా?"

"కడతామండి. కట్టి ధరలో కలుపుకుంటాం. కలుపుకోకపోతే నేను కొట్టు మూసుకోవాలి గదండీ? అయినా మూసుకునేలాగే ఉంది. జనం కొనడం తగ్గించేశారు. సబ్బులు అమ్ముడుపోవట్లేదు. రెండు పూటల బియ్యం కొనేవాళ్ళు పూటన్నరకి కొంటున్నారు. టోకు వ్యాపారులు కూడా ఈ రేవుకి రావడం మానేస్తున్నారు. అందుకే మీ పెట్టె కూడా తగ్గుతోంది."

కొండలరావు చూపు నూనె డబ్బా మీద పడింది. అది పట్టాభిరామయ్య గానుగ నూనె.

"ఇది ఇక్కడిదే గదా. దీనికి సుంకం లేదు. దీని ధర మారలేదు గదా?"

"ఎందుకు మారలేదండి? బయటి నూనె పెరిగేసరికి ఆయన కూడా పెంచేశారు. బయటిదాని కంటే అయిదు పైసలు తక్కువ పెడితే చాలు, ఈయనదే కొంటారు గదా!"

"ఆ పెంచిన డబ్బు మన గట్టు పెట్టెలోకి వచ్చిందా?"

"భలేవారండీ!" అన్నాడు వీరభద్రం.

కొండలరావు అక్కడే బల్ల మీద కూర్చుని కాగితం, పెన్సిలు అడిగాడు. తన ఇంట్లో కొట్టు సరుకు ఎంతవుతుందో వీరభద్రాన్నే అడిగాడు. బియ్యం సొంత చేలవే గనక నెలకు నూట పది రూపాయలు దాటదని వీరభద్రం చెప్పాడు. అంటే అందులో సుంకం పది రూపాయలు. ఏడాదికి నూట ఇరవై. తన ఆదాయం పదహారు వేలు. వందకు ఒక్క రూపాయి కూడా పడటం లేదు!

మరి పేరంటాలుకు? వారానికి అయిదు. ఏడాది ఇలాగే సాగితే రెండు వందల అరవై. ఆ ఇంటి ఆదాయం మూడు వేల చిల్లర. వందకు ఎనిమిది రూపాయల పైమాటే!

కొండలరావు పెన్సిలు కింద పెట్టేశాడు. నూటికి లెక్క కట్టడం దాకా కూడా పోనక్కర్లేదు. నూట ఇరవై ఎక్కడ, రెండు వందల అరవై ఎక్కడ! పదహారు వేలు సంపాదించే ప్రెసిడెంటు కంటే, నెత్తిమీద మట్టి మోసే మనిషి రెండు రెట్లకు పైగా కడుతోంది. అదీ ఎవరికీ చెప్పకుండా, ఎవరూ రసీదు ఇవ్వకుండా. మీ దగ్గర ఒక్క పైసా అడగమని తాను సభలో నవ్వుతూ అన్న మాట గుర్తొచ్చి అతని చెవులు వేడెక్కాయి.

సరిగ్గా అప్పుడే వీధిలోంచి కేక వినిపించింది. "ఎర్రనీరు! ఎర్రనీరొచ్చేసింది!"

కొండలరావు రేవుకు పరుగెత్తాడు. నిజమే! నిన్నటిదాకా తేటగా ఉన్న గోదావరి ఎర్రగా మారి, నురగ కట్టి, చెత్తా కొమ్మలూ మోసుకుంటూ వస్తోంది. ఆ ఏడు వరద నెల ముందే బయలుదేరింది! రేవు మెట్లు రెండు అప్పటికే మునిగాయి. పై ఊళ్ళనుంచి వచ్చిన పంటు నడిపే సరంగు, "పెద్ద నీరు వెనకాలుందండి. మహా అయితే అయిదు రోజులు!" అని అరిచాడు.

అయిదు రోజులు! గట్టు ఇంకా భుజమెత్తే ఉంది. కూలీలు పద్దెనిమిదిమంది. పెట్టెలో ఇంతవరకూ వచ్చింది పదకొండున్నర వేలు, అది దాదాపు అంతా రాళ్ళకూ, కూలికీ ఖర్చయిపోయింది.

"డప్పు వేయించండి! సభ ఇప్పుడే! బడి దగ్గర కాదు, గండి దగ్గర!"

మిట్టమధ్యాహ్నం ఎండలో ఊరంతా గండి దగ్గర చేరింది. ఇక్కడ కుర్చీల్లేవు. అందరూ మట్టి మీదే నిలబడ్డారు. కొండలరావు సగం లేచిన గట్టు ఎక్కాడు.

"తప్పు చేశాను," అన్నాడు. "రేవు సుంకం బయటివాళ్ళు కడతారనుకున్నాను. మీరు కట్టారు. లేనివాళ్ళు ఎక్కువ కట్టారు, ఉన్నవాళ్ళం తక్కువ కట్టాం. పేరంటాలు మొదటి రోజే చెప్పబోయింది. నేను విననేలేదు. ఈ క్షణం నుంచి రేవులో సుంకం లేదు! ఏడాదికి నాలుగు వేల లోపు వచ్చేవాళ్ళు ఏమీ ఇవ్వక్కర్లేదు. అంతకు మించి వచ్చేవాళ్ళం వందకు మూడు రూపాయలు వేసుకుందాం. గట్టు పనికి కూలి ఆరు రూపాయలు!"

జేబులోంచి నాలుగు వందల ఎనభై రూపాయలు తీసి, గుమాస్తా తెచ్చిన ఇనప పెట్టెలో వేశాడు. "నా వంతు ఇది."

పట్టాభిరామయ్య ముందుకు దూసుకొచ్చాడు. ఆయన మొహం ఎర్రబడింది.

"ఏమిటయ్యా ఇది? నాకు ముప్ఫై వేలొస్తే తొమ్మిది వందలు ఇవ్వాలా? కష్టపడి తోట పెంచింది నేను! పక్కవాడికి పైసా లేకుండా నా ఒక్కడి మీద తొమ్మిది వందలా? ఊరందరిదీ అయినప్పుడు అందరి మీదా ఒకేలా పడాలి! అది న్యాయం!"

కొందరు తోటల వాళ్ళు తలలూపారు. పేరంటాలు జనంలోంచి ముందుకొచ్చింది. ఆమె మాట్లాడబోతుంటే కొండలరావు తన నోరు గట్టిగా మూసుకున్నాడు.

"బాబుగారూ, మీ కష్టం మీదేనండి. కాదనను. మాది మట్టి మోసే పని. నా కింద ముప్ఫైమంది ఆడాళ్ళున్నారు. అందరికీ తట్ట ఒకటే. కానీ అందరి తట్టలోనూ ఒకే కొలత మట్టి పోస్తే ఏమవుద్దో తెలుసాండి? బాలింతరాలు నాలుగో తట్టకి పడిపోద్ది. ముసల్ది రెండో తట్టకే కూలబడిపోద్ది. మధ్యాన్నానికి గట్టు మీద నలుగురే మిగులుతారు. అందుకని బలమున్నదానికి నిండా పోస్తాను, లేనిదానికి సగం పోస్తాను. బలమున్నోళ్ళు ఏనాడూ దెబ్బలాడలేదండి. గట్టు లేవాలని వాళ్ళకీ తెలుసు గదా!"

జనంలో ఒక్కసారిగా కేకలు చెలరేగాయి. పట్టాభిరామయ్య కండువా దులుపుకుని, "నేనివ్వను!" అంటూ విసవిసా వెళ్ళిపోయాడు. ఆయన వెనకాల ముగ్గురు తోటల వాళ్ళు వెళ్ళారు. కానీ మిగిలిన ముప్ఫైమంది పైచిలుకు అక్కడే ఉన్నారు. ఒకాయన, "ఎవరికి ఎంతొస్తుందో ఎవరు తేలుస్తారయ్యా?" అని అడిగాడు.

"లంకలోంచి ఎన్ని గెలలు బయటికి పోతాయో పంటు సరంగుకి తెలీదా?" అంది ఒక ముసలమ్మ. అందరూ ఘొల్లున నవ్వారు. ఆ నవ్వుల మధ్యే నోట్లు పెట్టెలో పడటం మొదలైంది.

ఇక చూడాలి ఆ హడావుడి! సాయంత్రానికల్లా కబురు ఇటుక బట్టీలకు చేరింది. మర్నాడు పొద్దున్నే పంటు నిండా జనం తిరిగొచ్చారు, పిల్లలతో, పొయ్యి సామానుతో సహా. గండి దగ్గర పనివాళ్ళు నూట నలభైమంది అయ్యారు! రేవు పాక విప్పి, ఆ వెదుళ్ళు తెచ్చి గట్టు అడుగున దిగ్గొట్టారు. వీరభద్రం కొట్లోని ఖాళీ గోనెలన్నీ ఇచ్చేశాడు. గోనెల్లో ఇసక నింపేవాళ్ళు నింపుతున్నారు, కుట్టేవాళ్ళు కుడుతున్నారు, మోసేవాళ్ళు మోస్తున్నారు. కొండలరావు పంచె పైకి దోపి తానూ తట్ట ఎత్తాడు. రెండో తట్టకే మెడ నొప్పెట్టింది. అప్పుడు పేరంటాలు అతని తట్టలో సగమే పోసింది. ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. అతనూ నవ్వాడు.

ఏరు పెరుగుతూనే ఉంది. మూడో రోజు నీరు గట్టు మొదలును తాకింది. గట్టుకూ ఏటికీ పందెం మొదలైంది. వీళ్ళు ఒక జానెడు లేపితే అది ఒక బెత్తెడు లేచేది.

నాలుగో రోజు మధ్యాహ్నం దక్షిణపు చివర, పట్టాభిరామయ్య తోటకు ఎదురుగా, కొత్త మట్టి లోంచి నీరు ఊట కట్టింది. గానుగ దగ్గరున్న పట్టాభిరామయ్యకు ఎవరో కబురు చెప్పారు. ఆయన గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. పన్నెండు ఎకరాల తోట! గెలలన్నీ కోతకొచ్చి ఉన్నాయి! అక్కడికి వచ్చి చూసి నిలబడిపోయాడు.

పేరంటాలు, ఆమె మనుషులూ అప్పటికే అక్కడున్నారు. మోకాలి లోతు నీళ్ళలో వరసగా నిలబడి ఇసక గోనెలు ఒకరి చేతిలోంచి ఒకరికి అందిస్తున్నారు. ఎవరూ ఆయన వైపు చూడను కూడా చూడలేదు. ఒకామె జారి పడింది. లేచి మళ్ళీ గోనె అందుకుంది.

"పేరంటాలూ," అన్నాడు పట్టాభిరామయ్య. "నేను... నా వంతు కట్టలేదు గదా. మరి ఇక్కడెందుకు..."

"ఎవరు కట్టారో, ఎవరు కట్టలేదో ఏటికి తెలీదు గదండీ!" అందామె ఆగకుండా. "పక్కకి జరగండి బాబుగారూ, గోనె తగులుద్ది!"

ఆయన జరగలేదు. వెనక్కి తిరిగి పరుగు తీశాడు. అరగంటలో రెండు ఎడ్లబళ్ళు వచ్చాయి. వాటి నిండా కొబ్బరి దుంగలు! వాటి వెనకాల గానుగ పనివాళ్ళు, పారలతో. వాళ్ళ వెనకాల పట్టాభిరామయ్య, చేతిలో నోట్ల కట్టతో. కొండలరావు చేతిలో ఆ కట్ట పెట్టి అన్నాడు.

"తొమ్మిది వందలు నా వంతు. ఇంకో మూడు వందలు... నూనె మీద ఎక్కువ తీసుకున్నాను. అది కూడా ఇందులోనే వెయ్యి."

"బాబాయిగారూ!" అన్నాడు కొండలరావు.

"మాటలు తరవాత! దుంగలు దింపండర్రా!" అని అరిచాడు పట్టాభిరామయ్య. కండువా నడుముకు బిగించి నీళ్ళలోకి దిగాడు. వెళ్ళిపోయిన మిగతా ముగ్గురు తోటల వాళ్ళు కూడా ఆ సాయంత్రానికి వచ్చేశారు. దుంగలు దిగ్గొట్టి, గోనెలు పేర్చి, మట్టి తొక్కేసరికి ఊట ఆగింది.

అయిదో రోజు పెద్ద నీరు వచ్చింది. పొద్దున పదింటికి నీరు గట్టు సగానికి ఉంది. పన్నెండింటికి ముప్పావుకు చేరింది. ఊరంతా గట్టు మీదే నిలబడింది. ఎవరూ అన్నం తినలేదు. రెండింటికి నీరు గట్టు పై అంచుకు జానెడు దూరంలో ఉంది. కొండలరావు గట్టులో ఒక వెదురు పుల్ల గుచ్చి, దాని వైపే చూస్తూ కూర్చున్నాడు. మూడయింది. నీరు కదల్లేదు. నాలుగయింది. నీటికి పైన, పుల్ల మీద ఒక వేలెడు తడి మచ్చ కనిపించింది.

"తీసింది!" అని కొండలరావు గావుకేక పెట్టాడు. "ఏరు తీసింది! గట్టు నిలిచింది!"

ఆ కేకకు ఊరు ఊరంతా ఎగిరి గంతేసింది. డప్పులు మోగాయి. పిల్లలు గట్టు పొడుగునా పరుగెత్తారు. పట్టాభిరామయ్య తోటలోంచి పండిన గెలలు నాలుగు తెప్పించి, అందరికీ తన చేత్తోనే పంచాడు. ఆయన బట్టల నిండా బురద. ఎవరు తోటవాళ్ళో, ఎవరు కూలీలో పోల్చుకోవడానికి వీల్లేకుండా అందరూ ఒకే రంగులో ఉన్నారు.

ఆ తరవాత రెండు వారాలకు సుంకం కట్టి కొన్న సరుకు అయిపోయి, వీరభద్రం కొట్లో బియ్యం మళ్ళీ రెండు రూపాయలకు దిగాయి. గానుగ నూనె కూడా దిగింది. మానేసిన వ్యాపారులు మళ్ళీ పంటు ఎక్కారు. కొన్నాళ్ళకు, ఊరి బావి బాగుచేయించడానికి డబ్బు కావలసి వచ్చి కొండలరావు మరో సభ పెట్టాడు. కుర్చీలు వేయించలేదు. "ముందుగా వెనకున్నవాళ్ళు చెప్పండి, చివరిదాకా చెప్పండి," అన్నాడు.

పన్ను వేసేముందు అది చివరికి ఎవరి నెత్తిన పడుతుందో వాళ్ళనే అడిగి తెలుసుకోవాలి. అందరి నుంచీ ఒకేలా లాగితే లేనివాడు కుంగిపోతాడు, ఎవరి శక్తికి తగినంత వాళ్ళు మోస్తేనే ఊరు నిలుస్తుంది.